చూసి చేదుకో

చర్చిలో గంట కొట్టారు. పూజ మొదలైందన్నమాట. పూజ అవగానే జోజమ్మ టీచరు రాయప్ప మేస్త్రీని వెంటబెట్టుకుని మా ఇల్లు చూడడానికి వస్తుంది, అంటే నాకు ఇంకో గంట ఉంది. గంటలో ఈ సుబ్బాయమ్మ తీర్చిదిద్దలేని ఇల్లు తిరువూరులో ఇంకా ఎవరూ కట్టలేదు. గోడలకు మొన్న లక్ష్మివారమే సున్నం వేయించాను, నీలిమందు కాస్త ఎక్కువ పడ్డట్టుంది, ఎండ పడినచోట ఆకాశం రంగు కొడుతోంది గాని పరవాలేదు, కంటికి చల్లగానే ఉంది. నాపరాళ్ళు రెండుసార్లు కడిగించాను. ఉప్పెన వచ్చి దివిసీమ కొట్టుకుపోయిన కార్తీకంలో ఇక్కడ కూడా గాలి తక్కువ వీచలేదు, వంటింటి మీద పెంకులు ఇరవై ఆరు లేచిపోయాయి, ఇరవై ఆరూ మార్పించాను. పాత పెంకుల పక్కన కొత్త పెంకులు ఎర్రగా కనపడుతూనే ఉంటాయి, తలెత్తినవాళ్ళు ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు, నేనేమీ దాచలేదు. నడింట్లో దూలం మా మావగారు ఏరి తెప్పించిన టేకు. రాయప్ప వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి వింటాడు, పుచ్చకాయ బేరం చేసేవాడిలా, ఆ అలవాటు నాకు తెలుసు. కొట్టనీ. ఆ దూలం కింద నేను కాపరానికొచ్చి నలభై తొమ్మిదేళ్ళు, ఒక్క చెద పురుగు దాన్ని ముట్టుకోలేదు.

ఈ ఇల్లు నన్నెవరో గెంటేస్తే అమ్మడం లేదు, ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పాను, ఇంకోసారి చెప్పమన్నా చెబుతాను. పెనుగొలనులో రెండెకరాల మామిడితోట చూశాను. చూశానంటే గట్టున నిలబడి చూడడం కాదు, చెట్టు చెట్టుకీ తిరిగి బెరడు గీకి చూశాను, కాయ ఎన్నేళ్ళు కాసిందో పాలేరుని విడిగా పిలిచి అడిగాను. ఇప్పుడు పూత మీదుంది. అరగంట తోటలో తిరిగి వస్తే ఆ పూత వాసన కొంగుకి పట్టుకుని బస్సులో పక్కన కూర్చున్నావిడ ఏ నూనె రాశారండీ అని అడిగింది. మా అబ్బాయి అంకారావు అప్పుడే అక్కడ మోటారు ఎక్కడ దింపాలో పుల్లలు పాతి వచ్చాడు. తోట ఆసామి శివరాత్రి దాకా ఆగుతానన్నాడు, శివరాత్రి ఇంకా పదహారు రోజులు. ఇల్లు అమ్ముడైతే తోట మాది, లేకపోతే నూజివీడు వ్యాపారిది. అంతే లెక్క. క్రైస్తవులకి అమ్ముతున్నావా అని ఎదురింటావిడ బుగ్గ నొక్కుకుంది. నీ మనవడికి అక్షరాలు దిద్దించేటప్పుడు ఆ టీచరు చేతినే కదమ్మా నమ్ముకున్నావు అన్నాను, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"అత్తయ్యా, ఆ గోడకి బీరువా అడ్డం పెడదామా?"

మా కోడలు సరోజినీదేవి తడి గుడ్డ పిండుతూ అడిగింది. మెల్లగా అడిగింది. మెల్లగా అడిగిందంటే రాత్రంతా ఆలోచించి అడిగిందన్నమాట.

"ఏ గోడకి?"

"అదే, నడిమి గోడకి."

"బీరువా పెడితే బీరువా వెనకేముందని అడుగుతారే పిచ్చిపిల్లా. ఏమీ పెట్టకపోతే ఏమీ అడగరు."

"మరి అంత కష్టమెందుకు? చిన్నత్తయ్యనే ఒక్క మాట అడిగేస్తే..."

బయట ఓట్ల జీపు మైకు పెట్టుకుని అరుచుకుంటూ పోతోంది, ఆ చప్పుడులో నాకు వినపడలేదనుకుని సరోజిని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వినపడింది. నాకు వినపడనిది ఈ ఇంట్లో ఏదీ లేదు, ఆ గోడ అవతల గిన్నె కిందపడితే అది కంచుదో ఇత్తడిదో కూడా చెప్పగలను. ఈ ఇల్లూ పక్కిల్లూ ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా వారు ఆదిశేషయ్యగారూ మా మరిది హనుమయ్యా పంచుకున్నప్పుడు బావి మా పెరట్లో పడింది, నడిమి గోడ ఉమ్మడిదైంది, గోడలో వాకిలి అలాగే ఉండనిచ్చారు. హనుమయ్య పెళ్ళాం నాగేంద్రమ్మ, నా తోడికోడలు, ఆ వాకిట్లోంచి బిందె పుచ్చుకుని వచ్చి మా ఇంటిమీదుగా పెరట్లోకి వెళ్ళి నీళ్ళు చేదుకుపోయేది. నేను బడికి వెళ్ళింది రెండు వానాకాలాలు, ఆ తర్వాత గేదెలు నన్ను వదల్లేదు, అయినా పంపకాల కాగితం ఒకసారి చదివించుకుంటే నాకు జీవితాంతం ఉంటుంది: నడిమి వాకిలి గుండా బావికి నడక హక్కు ఉభయులకును కలదు. అలా రాశారు. అదే ఇప్పుడు నా ప్రాణం తీస్తున్న ముక్క. పోయిన ఆదివారం కాగితాలు చూపిస్తే జోజమ్మ టీచరు ఆ ముక్క దగ్గర వేలు పెట్టి ఆపింది, పిల్లల కాపీలో తప్పు దొరికినట్టు. నడకెక్కడిదమ్మా, గోడుంది కదా అన్నాను. నవ్వి, ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు పక్కావిణ్ణి కూడా ఒక మాట అడుగుతానండీ, ఆవిడ అక్కర్లేదంటే మాకు అభ్యంతరం లేదు అంది. ఆవిడ అక్కర్లేదంటే. ఆవిడ కావాలంటే? కొనుక్కున్న ఇంట్లో మధ్యనుంచి వీధి పోతానంటే ఎవరు కొంటారు?

అనదు. నాగేంద్రం అలా అనదు. పదకొండేళ్ళుగా మాట్లాడని మనిషి ఏమంటుందో నీకేం తెలుసే అంటే, తెలుసు మరి, పదహారేళ్ళ పిల్లగా ఈ గడప తొక్కినప్పటి నుంచీ దానికి జడ వేసింది నేను, పురిట్లో పథ్యం పెట్టింది నేను, వేలికి తేలు కుడితే చెయ్యి పట్టుకుని కూర్చుంది నేను. అది పేచీ మనిషి కాదు. మాట పట్టుకుంటే మాత్రం వదలదు, అదొక్కటే దాని జబ్బు. లేకపోతే ఒక్క మాటకి పదకొండేళ్ళా? ఏమన్నాను నేను? చూసి చేదుకో అన్నాను. అంతే. బావి ఒర దగ్గర రాయి మీద పాచి ఉంది, జారుతుందేమో, చూసి చేదుకో అమ్మాయ్ అన్నాను. చిన్నదానికి పెద్దది చెప్పే మాట. దాన్ని అది ఎలా పట్టుకుందయ్యా అంటే, నీళ్ళు చూసి చేదుకో, ఎక్కువ చేదకు అన్నానని. చేద బావిలోనే వదిలేసింది, నిండిన బిందె ఒర మీదే వదిలేసింది, ఖాళీ చేతులతో వాకిట్లోంచి వెళ్ళి తలుపు చేరేసుకుంది. సాయంత్రం హనుమయ్య వచ్చి వదినా బిందె ఇవ్వండి అని తలొంచుకుని పట్టుకుపోయాడు. అప్పటి నుంచీ దాని ఇంట్లోకి నీళ్ళు పంచాయతీ కుళాయివే. నేనేం తప్పు మాట్లాడానో చెప్పమని నెమలి ఊరి వేణుగోపాలస్వామి గుళ్ళో ఎదురుపడిన చుట్టాలందరినీ అడిగాను, పాచి కథ పూసగుచ్చినట్టు చెప్పాను, అందరూ నువ్వు మంచికే అన్నావు సుబ్బాయమ్మా అన్నారు.

దీపం కుందె బాగా తోమలేదు సరోజిని, చింతపండు పెట్టమన్నాను, ఉప్పుతో సరిపెట్టింది. నేనే తోముతాను. చెయ్యి ఆడుతుంటే మనసు నిలకడగా ఉంటుంది, మా వారు పోయినప్పుడు కూడా నేను కూర్చోలేదు, ఎవరు కూర్చోపెట్టినా లేచిపోయాను. నాగేంద్రం వచ్చింది అప్పుడు. వీధి గుమ్మంలోంచి వచ్చింది, పది రోజులూ వచ్చింది, అంట్లు తోమింది, వచ్చినవాళ్ళకి విస్తళ్ళు వేసింది, నాతో ఒక్క మాట లేదు. అందరికీ కావలసిన నీళ్ళు వీధి కుళాయి నుంచి బిందెలతో మోసుకొచ్చింది. పెరట్లో బావి నిండా నీళ్ళుండగా! ఎంత పొగరు అనుకున్నాను, అంత దుఃఖంలోనూ అనుకున్నాను. తొమ్మిదో రోజున దాని భుజం మీద బిందె అంచు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉండడం చూశాను, వెన్న రాద్దామని చెయ్యి లేచింది, రాయలేదు. ఏమని పిలిచి రాయను?

గోడ సంగతి మాత్రం నాది. అది ఒప్పుకుంటాను. ఆ మాట జరిగిన నెలలోనే నాగేంద్రం పుట్టింటికి వెళ్ళిన రెండు రోజులు చూసి రాయప్పని పిలిచి, తలుపు రెక్కలు అలాగే మూసి ఉంచి, మా వైపు వాకిట్లో ఇటుక పేర్పించాను, సున్నం పూయించాను. ఎవరికీ చెప్పొద్దని రాయప్ప చేత వాళ్ళ మరియమ్మ తల్లి మీద ఒట్టు వేయించుకున్నాను. ఆ వైపు నుంచి చూస్తే మూసిన తలుపు, లాగితే ఇటుక గోడ. ఎప్పుడో ఒకనాడు మధ్యాహ్నం కోపం తగ్గి, బిందె చంకనేసుకుని నాగేంద్రం తలుపు లాగి ఉంటుంది. ఇటుక చూసి ఉంటుంది. ఎంతసేపు నిలబడిందో. ఈ పదకొండేళ్ళలో నేను ఎక్కువసార్లు చూసింది అదే, నేను చూడనిది. కుందె తళతళలాడుతోంది, చాలు. ఆ మాటన్న రోజు రోహిణి కార్తె, నాకు బాగా జ్ఞాపకం. బావిలో నీళ్ళు ఎప్పుడూ లేనంత కిందికి పోయాయి, చేద తాడుకి ఇంకో మూర ముడేశాం. నేను పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, చెప్పులు లేకుండా అడుగు బయట పెట్టలేకపోయాను, రాయి పెనంలా కాలుతోంది, నాగేంద్రం ఒకసారి ఆ కాలు మీద ఒకసారి ఈ కాలు మీద నిలబడి చేదుతోంది, ఐదు, ఆరు, ఏడోది...

ఆగు.

రాయి కాలుతుంటే పాచి ఎక్కడిది?

కుందె పక్కన పెట్టాను. మర్నాడు పాలేరు చేత రాయి గీకించాను కదా, గీకుతుంటే వీధంతా వినపడాలని గట్టిగా పాచి పాచి అన్నాను కదా. వాడు ఏం గీకాడు? ఎండిన రాయి. తెల్లటి గీతలు పడ్డాయి, అంతే. నేను లెక్కపెడుతున్నాను. ఏడు చేదలు లెక్కపెట్టాను. మా గేదెలకు సాయంత్రానికి ఉంటాయో ఉండవో అనుకుంటూ లెక్కపెట్టి, ఏడోది పైకి వస్తుంటే అన్నాను. అమ్మాయ్ అని కూడా అనలేదు, అది తర్వాత చేర్చాను. గుళ్ళో చుట్టాలకి చెప్పేటప్పుడు చేర్చాను. ఎన్నిసార్లు చెప్పానో అన్నిసార్లు పాచి పెరిగింది. నాగేంద్రం విన్నది సరిగ్గానే విన్నది. ఎండిన రాయి మీద నిలబడ్డ మనిషికి తెలియదా పాచి ఉందో లేదో? సరోజినీ కాసిని మంచినీళ్ళు ఇవ్వు అన్నాను. పలకలేదు. వంటింట్లో లేదు. పెరట్లో లేదు. చర్చిలో గంట మళ్ళీ మోగింది, పూజ అయిపోయింది. సరే, వచ్చేవాళ్ళని రానీ, నేను ఇంతకంటే పెద్దవే మోశాను.

జోజమ్మ టీచరు తెల్లచీర మీద ప్రసాదంలాంటి నవ్వుతో వచ్చింది, చేతిలో పూజ పుస్తకం ఇంకా అలాగే ఉంది. వెనకాల రాయప్ప, ఆదివారం చొక్కా, జేబులో గోడ నిలువు చూసే తూకం గుండు బరువుకి చొక్కా ఒక పక్కకి లాగుతోంది.

"ఆదివారం కూడా పని చేయిస్తున్నానని మీ స్వామి కోప్పడతాడేమో టీచరుగారూ" అన్నాను.

"చూడడం పని కాదులెండి మామ్మగారూ" అంది.

రాయప్ప పని మాత్రం చేశాడు. గోడ గోడకీ గుండు వేలాడేశాడు, దూలం కొట్టాడు, చెవి ఆనించాడు, "దీని వయసు నాకు రెండింతలు, అయినా నేనే ముందు పోతాను" అన్నాడు. కొత్త పెంకులు లెక్కపెట్టి ఇరవై ఆరు అన్నాడు. బావిలోకి రాయి వేసి చప్పుడు విన్నాడు. నాకు మనసు ఒప్పుకోక వెనకే తిరిగాను, అలా తిరుగుతూనే నడిమి గోడ దగ్గరికి వచ్చాం. వేలి కణుపుతో కొట్టాడు. డబ్ మంది. కాస్త పైన కొట్టాడు. డబ్ మంది.

"గుల్ల" అంది జోజమ్మ టీచరు.

"గుల్లే మరి" అన్నాడు రాయప్ప నావైపు చూడకుండా.

సరిగ్గా అప్పుడే సరోజిని వీధి గుమ్మంలోంచి వచ్చింది. వెనకాల నాగేంద్రమ్మ. కోడలు నన్నడక్కుండానే వెళ్ళి పిలుచుకొచ్చింది. నాగేంద్రం గడప ఇవతలకి వచ్చి గోడకి దూరంగా నిలబడింది, జుట్టంతా తెల్లబడింది, దగ్గర్నుంచి చూస్తే ఇంకా తెల్లగా ఉంది.

"రండి మామ్మగారూ" అని జోజమ్మ టీచరు తన ఇల్లయినట్టే కుర్చీ చూపించింది. "మీ మనవరాలు లెక్కల్లో మొదటిదండీ. చూడండి, పంపకాల కాగితంలో మీకు ఈ వాకిట్లోంచి బావికి నడక ఉందని రాశారు. గోడేమో గుల్లగా ఉంది. అసలు ఇక్కడ ఏముంది?"

రాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"తలుపుందండి. అటో గోడ, ఇటో గోడ, మధ్యన తలుపు. రెండూ నేనే కట్టాను."

"రెండా?" అన్నాను నేను.

"రెండా?" అంది నాగేంద్రం. ఇద్దరం ఒక్కసారే అన్నాం.

"మీరు చిన్నమ్మగారు పుట్టింటికెళ్ళినప్పుడు కట్టించారు. ఆమె అంతకు పది రోజుల ముందు మీరు పెనుగొలను పెళ్ళికెళ్ళినప్పుడు కట్టించారు. ఎవరికీ చెప్పొద్దని ఆమె ఒట్టేయించుకున్నారు, మీరూ వేయించుకున్నారు. ఒకే తల్లి మీద రెండు ఒట్లు, ఇవాళ్టిదాకా నేను రెండూ తప్పలేదు."

"రెండుసార్లు కూలి తీసుకోవడమూ తప్పలేదు" అన్నాను.

"గోడలు రెండు కదమ్మగారూ మరి!"

సరోజిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ముందు సంతోషం వేసింది, దాచను, ముందు కట్టింది అదేనని, పదకొండేళ్ళు నేను చూసిన ఆ మధ్యాహ్నం జరగనే లేదని. దాని వెనకే ఇంకోటి వచ్చింది. అది ముందు కట్టింది సరే. ఎందుకు కట్టింది?

"అయితే దారి మీకు కావాలా, అక్కర్లేదా?" అని జోజమ్మ టీచరు నాగేంద్రాన్ని మళ్ళీ అడిగింది. క్లాసులో ఒక ప్రశ్న వదిలిపెట్టే మనిషి కాదు.

నాగేంద్రం నావైపు చూడలేదు. "నాకు దారి ఉందో లేదో ఆవిణ్ణే అడగండి. చూసి చేదుకోమని నాకు చెప్పింది ఆవిడే."

అక్కర్లేదని అను అన్నట్టు సరోజిని నాకు కళ్ళతో సైగ చేసింది. ఒక్క ముక్క. లేదు అంటే చాలు, నాగేంద్రం కాదనదు, మాట పట్టుకుని వెళ్ళిపోతుంది, శివరాత్రికి తోట మాది. నా గొంతు నాకెప్పుడూ మోసం చేయలేదు, ఇప్పుడు కూడా చేయలేదు, బాగా పలికింది.

"ఉంది. కాగితంలో ఉంది, కాగితం లేకపోయినా ఉంది. టీచరుగారూ, నేను మీకు అబద్ధం చెప్పి ఇల్లు అమ్మను. ఆ రోజు రాయి మీద పాచీ లేదు, ఏమీ లేదు. నాగేంద్రం, నేను చేదలు లెక్కపెట్టాను. ఏడు."

"ఎనిమిది" అంది నాగేంద్రం. "ఒకటి మీరు రాకముందే చేదాను."

ఎవరు ముందు నవ్వారో తెలియదు, రాయప్పే అయుంటాడు. నాగేంద్రం నవ్వలేదు, కుర్చీలో కూర్చుంది, కూర్చున్నాక కళ్ళు తుడుచుకుంది. నేను నిలబడే ఉన్నాను. తోటలో పూతంతా రాలిపోతున్నట్టు అనిపించింది ఒక నిమిషం, అనిపిస్తే అనిపించనీ అనుకున్నాను, బెరడు చూసి చెట్టు చెప్పగలిగిన దాన్ని, ఇంకో తోట చూసుకోలేనా.

జోజమ్మ టీచరు గోడ మీద అరచెయ్యి పెట్టి చూస్తోంది. "తలుపు బాగానే ఉందా రాయప్పా లోపల?"

"టేకేనండి. గాలి లేదు, వాన లేదు. పెళ్ళికూతుర్లా ఉంటుంది."

"మా అత్తగారికి చూపు లేదు మామ్మగారూ. నేనూ మా ఆయనా పొద్దున్న బడికి పోతే సాయంత్రం దాకా ఒక్కర్తే. పక్కింట్లోకి తలుపున్న ఇల్లు ఎక్కడ దొరుకుతుందండీ నాకు?" ఆ మాట నన్ను కాదు, నాగేంద్రాన్ని అడిగింది. నాగేంద్రం తలూపింది. అప్పుడు టీచరు నావైపు తిరిగింది. "ఒక్కటే షరతు. ఈ గోడలు తీయించి ఇవ్వాలి."

బేరం కుదిరింది. ఇంత తేలిగ్గా కుదురుతుందని నేననుకోలేదు, కాదు, అనుకున్నాను, నేనెప్పుడూ అనుకుంటాను. అయినా ఏదో ఒకటి లోపల గుచ్చుకుంది. ఈ తలుపు తెరుచుకునేది నా కోసం కాదు. రేపు ఎవరో కళ్ళు లేని పెద్దావిడ పిలిస్తే ఈ వాకిట్లోంచి నాగేంద్రం ఇటు వస్తుంది, అన్నం కలిపి పెడుతుంది, జడ వేస్తుంది, నేను పెనుగొలనులో కాయలు కాపలా కాస్తుంటాను.

"ఎప్పుడు తీయమంటారు అమ్మగారూ? రిజిస్ట్రీ అయ్యాక వస్తాను, ఈసారి ఒక్క కూలే" అన్నాడు రాయప్ప.

"రిజిస్ట్రీ అయ్యాక ఎందుకు? పెరట్లో గునపం ఉంది. ఇప్పుడే తియ్యి."

"ఆదివారం కదండీ, కొత్త సున్నం, ఇల్లంతా దుమ్ము..."

"దుమ్ము నాది, సున్నం నాది. కాగితం రాసేదాకా ఇల్లు కూడా నాదే. ఈ వాకిట్లోంచి ముందు నడిచేది నేను."

రాయప్ప ఆదివారం చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. సరోజిని గునపం కోసం పరిగెత్తింది. నాగేంద్రం కుర్చీలోంచి లేచి వీధి గుమ్మంవైపు నడిచింది, గడప దాటింది.

"ఎక్కడికే?" అన్నాను, గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"మా వైపు గోడకి ధాన్యం బస్తాలు ఆనించి ఉన్నాయక్కా" అంది మెట్లు దిగుతూ. "జరపొద్దూ?"